తెల్లవాళ్ళకూ ఊరూ పేరూ ఉంటాయి

పదకొండేళ్ళ క్రితం, పిట్స్‌బర్గ్ దగ్గర ఇప్పుడున్న ఇంటికి మారిన కొత్తలో, మార్చి నెల ఒక గురువారం పొద్దున పక్కింటి పెద్దావిడ వచ్చి తలుపు కొట్టింది. "ఖాళీగా ఉన్నావా? చర్చిలో చేతులు తక్కువయ్యాయి, వస్తావా?" అంది. ఏం పనో అడక్కుండానే కోటు వేసుకుని వెళ్ళాను.

చర్చి బేస్‌మెంట్‌లో పొడుగాటి బల్లలు వేసి, వాటి మీద మైదా చల్లి ఉంచారు. చుట్టూ పదిహేను మంది ఆడవాళ్ళు, దాదాపు అందరూ డెబ్భై దాటినవాళ్ళు. ఇద్దరు పిండి పల్చగా ఒత్తుతున్నారు. ఒకావిడ గ్లాసు బోర్లించి గుండ్రటి బిళ్ళలు కోస్తోంది. ఇంకొకావిడ ఉడికించి మెదిపిన బంగాళదుంపలో చీజ్ కలిపి ఉండలు చేస్తోంది. ఆ ఉండని బిళ్ళ మధ్యలో పెట్టి, సగానికి మడిచి, అంచులు విడిపోకుండా నొక్కడం నా పని. రెండోది చేసేసరికే నా వేళ్ళకి తెలిసిపోయింది, ఇది కజ్జికాయే. తెనాలిలో మా అమ్మమ్మ చెక్క అచ్చు వాడేది కాదు. బొటనవేలితో అంచు మీద మడత మీద మడత వేసుకుంటూ పోయేది. నేనూ అలాగే చేస్తున్నాను. పక్కింటావిడ నా చేతిలోది తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరు నేర్పారు?" అంది. మా అమ్మమ్మ అన్నాను. "నాకూ మా బాబానే" అంది.

బాబా అంటే వాళ్ళ మాటలో అమ్మమ్మ, నాయనమ్మ. మేం చేస్తున్నవి పిరోగీలు. ఈస్టర్‌కి ముందు ఉపవాస దినాల్లో శుక్రవారం మాంసం ముట్టరు కాబట్టి, ఈ చుట్టుపక్కల చాలా చర్చిల్లో ఆ రోజు పిరోగీలు అమ్ముతారు. వచ్చిన డబ్బు చర్చి కప్పు రిపేరుకో, హీటింగ్ బిల్లుకో పోతుంది.

"మీ బాబా ఏ భాష మాట్లాడేది?" అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించింది. "మా నాన్న స్లోవాక్ అనేవాడు. మా పెద్దత్త రష్యన్ అనేది. బాబాని అడిగితే మాత్రం 'పో నాషోము' అనేది" అంది. పో నాషోము అంటే 'మన మాటలో' అని. తన భాషకి వేరే పేరు ఒకటి ఉండాలని ఆ ముసలామెకి తెలియలేదు. ఇంట్లో మాట్లాడేది మన మాట, అంతే.

వాళ్ళని రూసిన్లు అంటారని నాకు తర్వాత తెలిసింది. కార్పేథియన్ కొండల్లో ఉండే జనం. వాళ్ళకంటూ ఒక దేశం నిలవలేదు. ఆ కొండల్లో కొన్ని ఊళ్ళు ఆస్ట్రియా-హంగరీలో, తర్వాత చెకొస్లొవాకియాలో, మళ్ళీ హంగరీలో, ఆ తర్వాత సోవియట్ యూనియన్‌లో ఉండి చివరికి ఉక్రెయిన్‌లో తేలాయి. ఊరు కదల్లేదు, మనిషి కదల్లేదు, దేశం మాత్రం నాలుగుసార్లు మారింది. పిట్స్‌బర్గ్‌లో పుట్టిన చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ ఆ జనంలోనివాడే. ఆయన సమాధి మా ఊరికి దగ్గర్లో, బెథెల్ పార్క్‌లో, వాళ్ళ చర్చి శ్మశానంలోనే తల్లిదండ్రుల పక్కన ఉంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అమెరికా వచ్చిన తెలుగువాళ్ళం ఇళ్ళలో, పార్టీల్లో తరచుగా అనే మాట ఒకటుంది. "తెల్లవాళ్ళకి కల్చర్ ఏముంది? బర్గరూ, ఫుట్‌బాలూ." నేనూ అన్నాను. ఇప్పుడు ఆ మాట వింటే మనసుకి కష్టంగా ఉంటుంది. ఎందుకంటే వాళ్ళకి కల్చర్ లేకపోవడం కాదు జరిగింది. ఉన్నదాన్ని వదిలేయమని ఒత్తిడి చేశారు, వదిలేస్తే బహుమానం కూడా ఇచ్చారు. ఆ బహుమానం పేరే 'తెలుపు'. నా వాదనంతా ఇక్కడే ఉంది. తెల్ల అమెరికన్లు తాతముత్తాతల ఊరినీ భాషనీ కష్టాన్నీ పేరుపేరునా గుర్తుపెట్టుకోవాలి. అది వాళ్ళ సరదా కోసం మాత్రమే కాదు, పక్కన బతికే మనందరి కోసం కూడా.

1880 నుంచి 1920 దాకా రెండు కోట్లకి పైగా జనం అమెరికాకి వలస వచ్చారు. చాలామంది దక్షిణ, తూర్పు యూరప్ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళని అప్పుడే 'తెల్లవాళ్ళు' అని ఎవరూ అక్కున చేర్చుకోలేదు. పిట్స్‌బర్గ్ స్టీల్ మిల్లుల్లో స్లావ్ జాతుల కూలీలందరినీ కలిపి 'హంకీ' అని తిట్టేవాళ్ళు. 1891లో న్యూ ఆర్లీన్స్‌లో పదకొండు మంది ఇటాలియన్లని గుంపు జైల్లోకి చొరబడి చంపింది. 1897 సెప్టెంబర్ 10న పెన్సిల్వేనియాలోని లాటిమర్ అనే గని ఊళ్ళో, అమెరికా జెండా పట్టుకుని నడిచివస్తున్న పోలిష్, స్లోవాక్, లిథువేనియన్ కూలీల మీద షెరీఫ్ మనుషులు కాల్పులు జరిపారు. పంతొమ్మిది మంది చనిపోయారు. కూలీల చేతుల్లో ఆయుధాల్లేవు, చాలామందికి వీపులోంచి గుళ్ళు దిగాయి. విచారణ జరిగింది, అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ ఊరు మా ఇంటి నుంచి కారులో నాలుగైదు గంటల దూరం. మా అబ్బాయి ఇక్కడే పుట్టి, ఇక్కడి స్కూళ్ళలోనే చదివాడు. లాటిమర్ పేరు ఎప్పుడూ వినలేదన్నాడు.

ఇక మరిపించే పని ఎంత పద్ధతిగా జరిగిందో చూడండి. హెన్రీ ఫోర్డ్ కంపెనీ 1914లో తన వలస కూలీల కోసం ఇంగ్లీషు బడి పెట్టింది. ఆ బడి పట్టాల పండుగ ఒక నాటకంలా ఉండేది. వేదిక మీద ఓడ బొమ్మ, దాని ముందు ఒక పెద్ద కుండ. కూలీలు తమ ఊరి బట్టల్లో, మూటలు పట్టుకుని ఓడ దిగి ఆ కుండలోకి దిగేవాళ్ళు. పంతుళ్ళు పొడుగాటి గరిటెలతో కలుపుతున్నట్టు నటించేవాళ్ళు. అవతలి వైపు నుంచి అదే మనుషులు సూటు తొడుక్కుని, చేతిలో అమెరికా జెండా ఊపుకుంటూ బయటికి వచ్చేవాళ్ళు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. అమ్మ కుట్టిచ్చిన చొక్కా కుండలో ఉండిపోయింది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి జర్మన్ల వంతు వచ్చింది. 1918 మే నెలలో అయొవా గవర్నర్ విలియం హార్డింగ్ ఒక ఆజ్ఞ జారీ చేశాడు. బడిలో, రైల్లో, చర్చిలో, చివరికి టెలిఫోన్‌లో కూడా ఇంగ్లీషు తప్ప ఇంకో భాష వినపడకూడదు. ఫోన్‌లో జర్మన్ మాట్లాడినందుకు డబ్బు కట్టాల్సివచ్చిన రైతు ఆడవాళ్ళున్నారు. అంతకు నెల ముందే ఇల్లినాయ్‌లోని కాలిన్స్‌విల్‌లో రాబర్ట్ ప్రాగర్ అనే జర్మన్ కార్మికుణ్ణి గుంపు చెట్టుకి ఉరితీసింది. లూసియానాలో 1921 రాజ్యాంగం బళ్ళలో ఇంగ్లీషు ఒక్కటే ఉండాలంది. ఇంట్లో ఫ్రెంచ్ తప్ప ఇంకో ముక్క రాని కేజన్ పిల్లల చేత 'బడి ఆవరణలో ఫ్రెంచ్ మాట్లాడను' అని వందలసార్లు రాయించారు. ఆ పిల్లలు పెద్దయ్యాక తమ పిల్లలతో ఫ్రెంచ్ మాట్లాడలేదు. 1968లో అదే రాష్ట్రం ఫ్రెంచ్‌ని బతికించడానికి ఒక సంస్థ పెట్టింది. అప్పటికే ఒక తరం గొంతు మూగబోయింది. బడిలో తెలుగు మాట్లాడినందుకు ఫైన్ కట్టిన పిల్లలున్న రాష్ట్రాల నుంచి వచ్చిన నాకు ఇది పరాయి కథలా అనిపించదు.

1923లో ఒక కేసు వచ్చింది. అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ సిక్కు భగత్ సింగ్ థింద్ పౌరసత్వం అడిగాడు. నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది సుప్రీం కోర్టు. ఆ తీర్పులో చెప్పిన కారణం నన్ను ఇప్పటికీ వదలదు. ఇంగ్లీషు, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్ పిల్లలు తొందరగా జనంలో కలిసిపోయి తమ యూరప్ గుర్తుల్ని పోగొట్టుకుంటారట. హిందువుల (ఆ కోర్టు మాటలో భారతీయులంతా హిందువులే) పిల్లలు మాత్రం తమ పుట్టుక ఆనవాళ్ళని ఎప్పటికీ మోస్తారట. మా తరఫున ఆ తీర్పు చదివి కోపం రావడం సహజం. కానీ రెండో వైపు నుంచి కూడా చదవండి. గుర్తులు పోగొట్టుకోవడమే లోపలికి రావడానికి టికెట్ అని దేశంలో పెద్ద కోర్టే రాతపూర్వకంగా చెప్పింది. మరుసటి ఏడు, 1924లో, వచ్చిన వలస చట్టం ఆసియా వాళ్ళకి తలుపు మూసేసింది. యూరప్ దేశాలకి, 1890 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో పుట్టి అమెరికాలో ఉంటున్నవాళ్ళ సంఖ్యలో 2 శాతం చొప్పున కోటాలు కట్టింది. ఇటలీ కోటా ఏడాదికి నాలుగు వేల లోపుకి పడిపోయింది. ఆ చట్టం వాళ్ళనీ మననీ ఒకే కలంతో కొట్టేసింది. ఆ సంగతి రెండు వైపులా ఎవరికీ గుర్తులేదు.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. న్యూయార్క్ రేవులో ఓడ దిగిన వలసవాళ్ళని తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్‌లో ఆఫీసర్లు పేర్లు మార్చేశారని ఇక్కడ ఇంటింటా ఒక కథ ఉంటుంది. అది నిజం కాదు. ఓడ ఎక్కేచోటే రాసిన జాబితాతో వాళ్ళు సరిచూసుకునేవాళ్ళు, అంతే. పేర్లు మార్చుకున్నది ఆ మనుషులే, తర్వాత, ఉద్యోగం కోసం, పిల్లల్ని బడిలో ఏడిపిస్తున్నారని. పక్కింటావిడ నాన్న ఇంటిపేరు చివరి అక్షరాలు మిల్లు పేరోల్‌లో రాలిపోయాయి. "ఫోర్‌మన్‌కి నోరు తిరగలేదని నాన్నే కత్తిరించుకున్నాడు" అంది ఆవిడ. మనకి ఇంటిపేరంటే ఊరు. ఆ పేరు వింటే ఏ వైపువాళ్ళో చెప్పేస్తాం. అందుకే ఆ కత్తిరింపు ఎంత లోతుగా తెగిందో మనకి తొందరగా అర్థం కావాలి.

ఇన్ని తీసేశాక మిగిలిందేమిటి? ఒంటి రంగు. రంగుకి వంట లేదు, పాట లేదు, పండుగ లేదు, దాన్ని నేర్పిన అమ్మమ్మ లేదు. రంగు చెప్పేది ఒక్కటే, నువ్వు ఎవరికన్నా పైన ఉన్నావని. అది హోదా, వారసత్వం కాదు. హోదా కదులుతోందని అనిపించిన రోజు, దాని మీదే బతుకు కట్టుకున్న మనిషి భయపడతాడు. 2017 ఆగస్టులో వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో కాగడాలు పట్టుకుని నడిచిన తెల్లజాతి ఆధిక్యవాద కుర్రాళ్ళ వీడియో ఎన్నోసార్లు చూశాను. 'రక్తం, నేల' అన్న నాజీల నినాదం అరిచారు. వాళ్ళలో ఎంతమంది ముత్తాతలని మిల్లు గేటు దగ్గర హంకీ అనో, ఇటాలియన్లని తిట్టే డేగో అన్న మాటతోనో తిట్టి ఉంటారు? తమ నేల ఏదో, అక్కడి మాట ఏదో తెలిసిన మనిషికి అలాంటి అరువు నినాదంతో పనేముంటుంది? దక్షిణ రాష్ట్రాల్లో కొందరు కాన్ఫెడరేట్ జెండాని 'మా వారసత్వం' అంటారు. 1861 నుంచి 1865 దాకా, బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి చేసిన యుద్ధం జెండా అది. స్కాట్లండ్ నుంచీ, ఐర్లండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ నుంచీ వచ్చి అప్పలాచియన్ కొండల్లో స్థిరపడినవాళ్ళకి ఫిడేలు పాటలున్నాయి, కథలున్నాయి, ఆఫ్రికా నుంచి వచ్చిన బాంజోతో కలిసి పెరిగిన సంగీతం ఉంది. అదంతా వదిలేసి జెండా పట్టుకోవడమే నాకు అన్నిటికన్నా పెద్ద నష్టంగా కనిపిస్తుంది.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళ మాట తేలిగ్గా కొట్టేసేది కాదు.

1979లో సమాజ శాస్త్రవేత్త హెర్బర్ట్ గాన్స్ దీన్ని 'సింబాలిక్' గుర్తింపు అన్నాడు. మనవల తరానికి ఇది ఖర్చులేని అలంకారం, కావాల్సినప్పుడు తొడుక్కుని తీసేయొచ్చు అని. మార్చి 17న, ఐరిష్‌వాళ్ళ సెయింట్ పాట్రిక్ పండుగ రోజు, ఐరిష్ అయిపోయి మర్నాటికి మర్చిపోయేవాళ్ళని చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. లెక్కలూ అదే చెబుతాయి. 1980 జనాభా లెక్కల్లో తాము ఇంగ్లీషు వంశం వాళ్ళమని రాసినవాళ్ళు 4.96 కోట్లు. 1990కి 3.27 కోట్లు. పదేళ్ళలో అంతమంది చచ్చిపోలేదు కదా. ఫారంలో ఉదాహరణలుగా ఇచ్చిన పేర్లు మారాయి, దాంతో జవాబులూ మారాయి. 2020లో మళ్ళీ 4.66 కోట్లకి ఎక్కింది. నల్లవాళ్ళకి గానీ మనకి గానీ ఇలా ఎంచుకునే వీలు లేదు, చూడగానే అవతలివాళ్ళే నిర్ణయించేస్తారు. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ పల్చబడిపోయింది కాబట్టి పారేయమనడం నాకు అర్థం కాదు. పల్చబడితే చిక్కగా కాచుకోవాలి. డీఎన్ఏ పరీక్ష చేయించుకుని 'నేను 31 శాతం తూర్పు యూరప్' అని ఆగిపోవడం పల్చదనం. ఆ శాతంలో జోలపాట ఉండదు. ఏ ఊరు, ఎందుకు వదిలారు, ఏ గనిలో పనిచేశారు, ఎవరిని చూసి భయపడ్డారు, ఎవరిని భయపెట్టారు అని అడగడం మొదలుపెడితే చిక్కబడుతుంది.

ఇంకో అభ్యంతరం నాకు ఎక్కువ బరువుగా తోస్తుంది. "మా తాత చేతిలో పైసా లేకుండా వచ్చి పైకొచ్చాడు, మీరెందుకు రాలేరు?" అని నల్లవాళ్ళని దెప్పడానికి ఈ వారసత్వ కథనే వాడుకుంటారు. నిజమే, నా చెవులతో విన్నాను. దానికి విరుగుడు కథ మానేయడం కాదు, మొత్తం కథ చెప్పడం. తాత వచ్చిన రోజుల్లో వీసా అక్కర్లేదు. ఎల్లిస్ ఐలాండ్ నుంచి వెనక్కి పంపింది నూటికి ఇద్దరిని. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తాత కొడుక్కి ప్రభుత్వ హామీతో ఇంటి లోను దొరికింది, అదే యుద్ధం చేసొచ్చిన నల్ల సైనికుడికి చాలా చోట్ల దొరకలేదు. బానిసలుగా ఉన్నవాళ్ళ పేర్లు జనాభా లెక్కల్లోకి పూర్తిగా ఎక్కిందే 1870లో. అంతకు ముందు చాలామందికి వయసూ, ఆడా మగా, ఒక అంకె, అంతే. తన వంశవృక్షం వెతుక్కుంటూ నాలుగు తరాలు వెనక్కి వెళ్ళగలిగిన తెల్ల మనిషి, పక్కవాడికి ఆ దారి ఎక్కడ తెగిపోయిందో చూడగలిగితే చాలు. అది చూడ్డానికైనా ముందు తన దారిన నడవాలి.

పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో నలభై రెండు అంతస్తుల రాతి భవనం ఉంది, కథీడ్రల్ ఆఫ్ లెర్నింగ్. దాని కింది అంతస్తుల్లో నేషనాలిటీ రూమ్స్ ఉంటాయి. ఊళ్ళో ఉన్న ఒక్కో జాతివాళ్ళు తామే కమిటీ వేసుకుని, చందాలు పోగుచేసుకుని, తమ దేశం పద్ధతిలో ఒక్కో తరగతి గది కట్టించి ఇచ్చారు. మొదటి నాలుగు 1938లో తెరిచారు. ఆ పని మొదలైన 1926 నాటికి కోటా చట్టం వచ్చి రెండేళ్ళే అయింది. బయట 'మీరు వద్దు' అంటున్నారు, లోపల మిల్లు కూలీలు చిల్లర పోగుచేసి తమ దేశపు చెక్కడపు పని పిల్లల కోసం నిలబెడుతున్నారు. రాజకీయ గుర్తులు ఉండకూడదని నియమం పెట్టుకున్నారు. తాళం వేసి చూపించే మ్యూజియం కాదది. వాటిలో చాలా గదుల్లో ఇప్పటికీ క్లాసులు జరుగుతాయి. లిథువేనియన్ గదిలో కూర్చుని లెక్కలు నేర్చుకోవచ్చు. మన దేశం గది 2000లో వచ్చింది, నాలందా విహారంలా కట్టారు. మా అబ్బాయి చిన్నప్పుడు ఆ గదిలోంచి బయటికొచ్చి, "అమ్మా, వీళ్ళందరికీ కూడా ఊళ్ళున్నాయా?" అని అడిగాడు. ఉన్నాయిరా అన్నాను. ఆ రోజు వాడి కళ్ళలో తెల్లవాళ్ళు అనే ఒక్క ముద్ద ముప్ఫై ముక్కలుగా విడిపోయింది.

మన పిల్లల గురించి ఒక్క మాట. పెన్ హిల్స్ గుట్ట మీద వేంకటేశ్వరస్వామి గుడి కట్టి దగ్గర దగ్గర యాభై ఏళ్ళయింది. అక్కడ పులిహోర వడ్డించే చేతులకీ, చర్చి బేస్‌మెంట్‌లో పిరోగీ నొక్కే చేతులకీ నాకు తేడా తెలియదు. మన ఆదివారం తెలుగు క్లాసులో పిల్లలు 'అమ్మ, ఆవు' దాకా వచ్చి ఆగిపోతుంటే టెన్షన్ పడతాం. పక్కింటావిడ కుటుంబం అదే దారిలో మనకన్నా మూడు తరాలు ముందు నడిచింది. వాళ్ళ దగ్గర ఏం మిగిలిందో, ఎలా మిగిలిందో అడిగి తెలుసుకోవాల్సిన వాళ్ళం మనం. 'కల్చర్ లేనివాళ్ళు' అనాల్సిన వాళ్ళం కాదు.

వాళ్ళింట్లో క్రిస్మస్ ముందురోజు రాత్రి భోజనానికి నన్ను పిలుస్తుంది. బల్ల మీద గుడ్డ కింద కాస్త గడ్డి పరుస్తారు. ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతారు. చిన్న చిన్న పిండి ఉండలు కాల్చి, తేనె, గసగసాలు కలిపి పెడతారు, బొబాల్కీ అంటారు. ఆవిడ మనవడికి ఇప్పుడు పదహారేళ్ళు. ఒకప్పుడు ఆ బల్ల దగ్గర ఫోన్ తీసి కూర్చునేవాడు. ఈ మధ్య అదే ఫోన్లో ఆవిడ మాటలు రికార్డు చేస్తున్నాడు. ఒకటి నుంచి పది దాకా అంకెలు, ఆవుని ఏమంటారు, పొయ్యిని ఏమంటారు. అరవై మాటలకి మించి ఆవిడకి గుర్తులేవు.

పోయిన అక్టోబర్‌లో ముగ్గురం శ్మశానానికి వెళ్ళాం. బాబా రాయి మీద అక్షరాలు సిరిలిక్ లిపిలో ఉన్నాయి. పక్కన కొడుకు రాయి ఇంగ్లీషులో, పేరు కత్తిరించి ఉంది. డెబ్భై ఏళ్ళుగా ఆ రాయి దగ్గరికి వస్తున్న పక్కింటావిడకి దాని మీద ఏం రాసుందో చదవడం రాదు. మనవడు ఆ లిపి నేర్చుకున్నాడట, మోకాళ్ళ మీద కూర్చుని నాచు గోకి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. పేరు వచ్చింది, పుట్టిన ఏడు వచ్చింది, తర్వాత ఊరి పేరు. రెండుసార్లు చదివాడు, తడబడుతూ.

ఆవిడ అతని భుజం మీద చెయ్యి వేసింది. "అలా కాదు" అంది. ఆ ఊరి పేరుని చివర్లో కొంచెం సాగదీసి, నెమ్మదిగా పలికింది. "మా బాబా ఇలా అనేది." అతను ఫోన్ బయటికి తీసి, "ఇంకోసారి చెప్పవా" అన్నాడు.